కట్టర్ తిరగేసి టేబుల్ చేయాలా, గైడ్ పట్టీ పెట్టి కోయాలా?

ఇంట్లో ప్లైవుడ్ పని మొదలుపెట్టేవాళ్లకి వచ్చే సందేహమే ఇది. వీడియోల్లో ఎక్కువగా చూపించేది మార్బుల్ కట్టర్‌ని (రాళ్లు, టైల్స్ కోసే చేతి మిషన్) బల్ల కింద తలకిందులుగా బిగించి టేబుల్ సా (బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చే రంపం) చేసుకోవడం. రెండో దారి, క్లాంపులతో బిగించిన పట్టీ వెంబడి సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడు ఉన్న చేతి రంపం మిషన్) నడపడం.

ఖర్చు: కట్టర్ టేబుల్ చవక. సర్క్యులర్ సాకి ఎక్కువే అవుతుంది. గైడ్‌కి మాత్రం తిన్నని అల్యూమినియం పట్టీ చాలు.

శ్రమ: ఒకే వెడల్పు ముక్కలు వరసగా కావాలంటే టేబుల్ మీద త్వరగా అవుతుంది. గైడ్‌తో ప్రతి కోతకీ కొలిచి బిగించాలి.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. కట్టర్ స్విచ్‌ని జిప్ టైతో నొక్కి కట్టేస్తారు. చెయ్యి తీసినా బ్లేడు ఆగదు. గార్డు ఉండదు, బ్లేడు వెనక రైవింగ్ నైఫూ (కోత మూసుకోకుండా ఆపే రేకు) ఉండదు. కోసిన చెక్క మూసుకుని బ్లేడుని పట్టేస్తే, వెనకవైపు పళ్లు దాన్ని పైకి లేపి మన మీదకే విసురుతాయి. తోస్తున్న చెయ్యి బ్లేడు మీదకి జారుతుంది. చాలా కట్టర్లు నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతాయి. వీడియోలో వేళ్లు బ్లేడు పక్కనుంచే పోతుంటే చూడ్డానికే టెన్షన్. సర్క్యులర్ సాలో ట్రిగ్గర్ వదిలితే కరెంటు ఆగుతుంది, చెక్క దాటగానే స్ప్రింగ్ గార్డు బ్లేడుని కప్పేస్తుంది. దీనికీ కిక్‌బ్యాక్ (బ్లేడు పట్టేసి వెనక్కి తన్నడం) ఉంది, కానీ రెండు చేతులూ మిషన్ మీదే ఉంటాయి.

పెద్ద షీట్లు, అప్పుడప్పుడు పని అయితే గైడ్ పట్టీ. రోజూ సన్న పట్టీలు కోయాలంటే గార్డు, రైవింగ్ నైఫ్, సులువుగా అందే స్టాప్ స్విచ్ ఉన్న కంపెనీ టేబుల్ సా కొనండి, చెక్కని తోయడానికి చెయ్యి బదులు పుష్ స్టిక్ (తోసే కర్ర) వాడండి. తిరగేసిన కట్టర్ మాత్రం ఎవరికీ వద్దు.