గడ్డకు సూది పరీక్షా, ముక్క పరీక్షా: ఏది మేలు?

స్కాన్ అనుమానం చెబుతుంది. క్యాన్సర్ అవునో కాదో తేల్చేది చాలావరకు మైక్రోస్కోపే. నమూనా తీసే పద్ధతులు ముఖ్యంగా మూడు: ఎఫ్‌ఎన్‌ఏసీ అనే సన్నసూది పరీక్ష, ట్రూకట్ అనే లావుసూది బయాప్సీ, ఆపరేషన్ చేసి గడ్డ మొత్తం తీయడం. వీటిలో ఏది చేయించాలో ఖర్చు చూసి కాదు, ఏ రకం క్యాన్సర్ అనుమానం ఉందో చూసి తేల్చుకోవాలి.

రొమ్ములో గడ్డకైతే నేరుగా ట్రూకట్టే మేలు. ఎఫ్‌ఎన్‌ఏసీలో 22 నుంచి 25 గేజ్ సూదికి విడి కణాలే వస్తాయి. మత్తు అక్కర్లేదు, రిపోర్టు ఒకటి రెండు రోజుల్లో చేతికొస్తుంది. కానీ క్యాన్సర్ పాలనాళంలోనే ఉందా, గోడ దాటిందా అన్నది విడి కణాల్లో కనిపించదు. ట్రూకట్‌కు సాధారణంగా 14 గేజ్ సూది వాడతారు (గేజ్ అంకె తగ్గేకొద్దీ సూది లావు). లోకల్ మత్తిచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ నాలుగైదు ముక్కలు తీస్తారు. క్యాన్సర్ కణాల్లో హార్మోన్ గ్రాహకాలు (ఈఆర్, పీఆర్), హెర్2 అనే ప్రొటీన్ ఉన్నాయో లేదో చూసే పరీక్షలు వాటిమీద నమ్మకంగా చేయొచ్చు, మందులు ఎంచుకునేది ఆ ఫలితాలను బట్టే. ముక్కలు వేసే సీసా దగ్గరే ఫలితం తారుమారు కావచ్చు. ముక్కల్ని వెంటనే, కణజాలం చెడకుండా కాపాడే 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి; అందులో ఉండే సమయం 6 గంటలకు తగ్గకూడదు, 72 గంటలు దాటకూడదు. సెలైన్‌లో వేసి మర్నాడు పంపితే ఈఆర్ ఉన్నా లేనట్టు రావచ్చు.

మెడలో లింఫ్ గ్రంథి వాస్తే లెక్క మారుతుంది. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ముందు ఎఫ్‌ఎన్‌ఏసీ సరైనదే. సూదిలో వచ్చినదాంట్లో కొంత, టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకు పంపాలి, ఆ భాగాన్ని మాత్రం ఫార్మలిన్‌లో వేయకూడదు. నోటి నుంచో గొంతు నుంచో పాకిన కార్సినోమానూ సన్నసూది బాగానే పట్టుకుంటుంది. లింఫ్ కణాల్లో పుట్టే క్యాన్సర్ లింఫోమా అలా కాదు. దాని రకం తేలాలంటే గ్రంథి లోపలి అల్లిక చూడాలి, అందుకే వీలైతే గ్రంథి మొత్తం తీయించడం మేలు. రిపోర్టులో ‘రియాక్టివ్’ (క్యాన్సర్ కాని, ఇన్ఫెక్షన్ వంటివాటికి వచ్చే వాపు) అని రాశారు కదా అని ఊరుకోవద్దు; వాపు పెరుగుతున్నా, రాత్రుళ్లు చెమటలు పట్టి బరువు తగ్గుతున్నా మళ్లీ చూపించాలి. ఈలోగా ఎవరైనా స్టెరాయిడ్ ఇచ్చారో, వాపు తాత్కాలికంగా కరిగి రోగనిర్ధారణే తప్పిపోవచ్చు.

థైరాయిడ్‌కు ఎఫ్‌ఎన్‌ఏసీతోనే మొదలు. ఫాలిక్యులర్ రకం గడ్డ క్యాన్సరా కాదా అన్నది మాత్రం ఆపరేషన్ చేసి, గడ్డ చుట్టూ ఉన్న పొరను పరిశీలిస్తేగానీ తేలదు.

చేతిలోనో తొడలోనో లోతుగా, 5 సెంటీమీటర్లు మించి ఉన్న గడ్డను ‘కొవ్వుగడ్డేలే’ అని కోసేయించడం పెద్ద పొరపాటు. అది కండరం, కొవ్వు వంటి కణజాలంలో పుట్టే క్యాన్సర్ సార్కోమా అయితే రెండో ఆపరేషన్ మరింత పెద్దదవుతుంది. ముందు ఎంఆర్‌ఐ, తర్వాత ట్రూకట్. సూది ఎక్కడ గుచ్చాలో ఆపరేషన్ చేయబోయే సర్జనే చెప్పాలి. వృషణంలో గడ్డకైతే రెండు సూదులూ వద్దు, గజ్జ వైపు నుంచి వృషణాన్నే తీస్తారు. రక్త క్యాన్సరైన లుకేమియాకు చూడాల్సింది రక్తం, ఎముక మజ్జ.

సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయంతో నెలలు జాప్యం చేసేవాళ్లున్నారు. సరైన చోట, సరైన పద్ధతిలో గుచ్చితే అలా జరగడం చాలా అరుదు. జాప్యం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపొద్దు. రిపోర్టుతో పాటు పారఫిన్ బ్లాకులు (కణజాలాన్ని మైనంలో పొదిగిన దిమ్మలు), స్లైడ్లు అడిగి తీసుకోండి. వేరే ఆసుపత్రికి మారినా, వాటిలో సరిపడా కణజాలం ఉంటే మళ్లీ గుచ్చకుండా మిగతా పరీక్షలు వాటిమీదే చేయొచ్చు.