జర్మనీ ఖాళీ సీసాల మెషీన్: ఇది మన దగ్గరికి రావాలి

మ్యూనిక్‌లో మా అమ్మాయి దగ్గర రెండు నెలలున్నాను. అక్కడినుంచి ఒక్కటి తెచ్చుకోమంటే నేను రైళ్లూ రోడ్లూ అడగను, సూపర్‌మార్కెట్‌లో ఓ మూల ఉండే ఖాళీ సీసాల మెషీన్ అడుగుతాను.

ఈ పద్ధతిని ఫాండ్ అంటారు. ఒకసారికే వాడే ప్లాస్టిక్ నీళ్ల సీసా, కూల్‌డ్రింక్ టిన్ను ఏది కొన్నా ధర మీద 25 సెంట్లు డిపాజిట్ వేస్తారు, మన లెక్కలో 20 రూపాయలకు పైనే. 2003 నుంచి నడుస్తోంది. మామూలు గాజు బీరు సీసాకైతే 8 సెంట్లే, అది కడిగి మళ్లీ నింపుతారు. ఖాళీ సీసాని గుండ్రటి కంతలో పడుకోబెడితే గిరగిరా తిరుగుతుంది, బార్‌కోడ్ దొరకగానే సర్రున లోపలికి పోతుంది, వెనకాల పటపటా నలిగిన చప్పుడు. అన్నీ అయ్యాక బటన్ నొక్కితే చీటీ వస్తుంది, కౌంటర్లో ఇస్తే బిల్లులో తగ్గిస్తారు, ఏమీ కొనకపోతే డబ్బులు చేతికే ఇస్తారు.

అసలు కిటుకు ఏంటంటే, కొన్న షాపులోనే ఇవ్వాలని లేదు. మన చిన్నప్పుడు కూల్‌డ్రింక్ సీసా ఇంటికి తెచ్చుకుంటే కిరాణా కొట్టాయన డిపాజిట్ పట్టుకునేవాడు కదా, కానీ ఆ కొట్టుకే తిరిగివ్వాలి. తిరుమల కొండ మీద ఇప్పటికీ గాజు సీసా తిరిగిస్తే డబ్బులిస్తున్నారు. అంటే అలవాటు మనకి కొత్తేం కాదు, ఊరంతా ఎక్కడైనా చెల్లేలా చెయ్యాలి, అంతే.

ఇబ్బందులూ ఉన్నాయి. మన సీసాల మీద వాడాక నలిపేయమని రాసుంటుంది, ఆ అలవాటుతో నేను మూడు నలిపేశాను, బార్‌కోడ్ మడతపడి మెషీన్ మూడింటినీ వెనక్కి తోసేసింది. శనివారం సాయంత్రం పెద్ద క్యూ, ఆదివారం షాపులుండవు మరి. ఒకసారైతే లోపల నిండిపోయి ఆగిపోయింది, మనిషొచ్చి ఖాళీ చేసేదాకా సంచులతో నిలబడ్డాం.

అయినా నాకు గుర్తుండిపోయింది వేరే. మా అమ్మాయి బయట తాగిన సీసాని డస్ట్‌బిన్‌లో వెయ్యదు, పక్కన నిలబెడుతుంది. చాలామంది అంతే. ఏరుకునేవాళ్లు చెత్తలో చెయ్యి పెట్టక్కర్లేదని. స్టేషన్ దగ్గర ఓ పెద్దాయన టార్చి వేసుకుని ఒక్కో బిన్ చూసుకుంటూ వచ్చి, మా సీసా తీసుకుని తలూపి వెళ్లాడు. ఇక్కడ మా కాలనీలో తెల్లవారుజామున గోనెసంచితో వచ్చే ఆమె భుజం దాకా కుండీలో చెయ్యి పెట్టి వెతుకుతుంది. ఆమెకి సీసాకి 20 రూపాయలు కాదు, 5 రూపాయలొచ్చినా ఎంత తేడా!