ఎండతో వంట: పెట్టె మేలా, డిష్ మేలా, మిద్దె మీద ప్యానెళ్లు మేలా?

పదకొండింటికి మిద్దె మీదున్న సోలార్ పెట్టె కుక్కర్‌లో కందిపప్పు పెట్టి కిందికి వస్తాను. ఒంటిగంటన్నరకు వెళ్లి చూస్తే గరిటెతో నొక్కగానే మెదిగిపోతుంది. విజిళ్లు లెక్కపెట్టే పని లేదు, అడుగంటుతుందన్న టెన్షన్ లేదు. కానీ ఆ పప్పుకి తాలింపు పెట్టాలంటే మళ్లీ వంటింట్లో గ్యాస్ వెలిగించాల్సిందే. మొదట్లో మా అత్తగారు గంటకోసారి "ఏమ్మా, ఇంకా ఉడకలేదా?" అని అడిగేవారు. ఇప్పుడు ఎండ కాస్తే చాలు, పప్పు తనే కడిగి పెడుతున్నారు.

ఈ కుక్కర్‌ని చూసినవాళ్లంతా "ఎంత వేడి వస్తుంది?" అని అడుగుతారు. నా లెక్కలో అది రెండో ప్రశ్న. మీ ఇంట్లో పొయ్యి ఎన్ని గంటలకు వెలుగుతుంది, దాని మీద ఏం వండుతారు అన్నది ముందు తేలాలి. సోలార్ కుక్కర్లు ఏ దేశంలో ఎందుకు నిలబడ్డాయో, ఎక్కడ అటకెక్కాయో చూసినా ఇదే కనబడుతుంది.

చైనాలోని టిబెట్ పీఠభూమి, చింగ్‌హై, గాన్సు ప్రాంతాల్లో ఇళ్ల ముందు ఎండని ఒక్కచోటికి చేర్చే పెద్ద అద్దాల డిష్‌లు కనిపిస్తాయి. వాటి మధ్యలో నల్లటి కెటిల్ ఉంటుంది. అక్కడ కట్టెలు దొరకవు, ఎండుపేడే వంటచెరకు, చలి ఎక్కువ. ఎత్తు ప్రాంతం కాబట్టి ఎండ మాత్రం చురుక్కుమంటుంది. వాళ్లకి రోజంతా కావాల్సింది టీకి మరిగే నీళ్లు. డిష్ సరిగ్గా ఆ పనే చేస్తుంది. అందుకే చైనాలో లక్షల కొద్దీ పంచారు, జనం వాడారు.

ఆఫ్రికాలో చాద్ దేశపు ఇరిదిమి శరణార్థి శిబిరం సంగతి వేరు. పక్కనున్న సూడాన్‌లోని దార్ఫుర్ నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లు కట్టెల కోసం శిబిరం దాటితే దాడులు జరిగేవి. అక్కడ అట్టముక్కకి మెరిసే రేకు అంటించి మడతపెట్టిన కుక్కర్లు పంచారు. మధ్యలో నల్ల గిన్నె, దాని చుట్టూ ప్లాస్టిక్ సంచి, అంతే సరంజామా. వంట నిదానమే, అట్ట ఏళ్ల తరబడి ఆగదు. అయినా బయటికి పోవాల్సిన అవసరం తగ్గితే మూడు గంటలు ఆగడం వాళ్లకి కష్టమనిపించలేదు. అదే అట్ట కుక్కర్‌ని విజయవాడలోనో వరంగల్లోనో గ్యాస్ కనెక్షన్ ఉన్న ఇంటికి ఇస్తే వారం తిరక్కుండా పాత పేపర్లలో కలిసిపోతుంది.

అమెరికాలో గోసన్ లాంటి కంపెనీలు గాజు గొట్టం కుక్కర్లు అమ్ముతున్నాయి. రెండు పొరల గాజు మధ్య గాలి తీసేసి ఉంటుంది కాబట్టి చలిలోనూ వేడి బయటికి పోదు. క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లకి, గొట్టంలో సాసేజ్‌లు, చేపముక్కలు దూర్చుకుని తినేవాళ్లకి బాగుంటుంది. మన అన్నం గిన్నె అందులో పట్టదు. దీని సంగతి ఇక్కడితో వదిలేస్తున్నాను.

మనకి నిజంగా పోటీలో ఉన్నవి మూడే.

పెట్టె కుక్కర్

దీని పుట్టుక పాతదే. 1767లో మొదలుపెట్టి స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సొస్యూర్ గాజు మూతల పెట్టెని ఎండలో పెట్టి, లోపల నీళ్లు మరిగేంత వేడి పుట్టించాడు. మన దగ్గర దొరికే పెట్టెలోనూ సూత్రం అదే. నల్లరంగు పూసిన అల్యూమినియం తట్ట, చుట్టూ వేడిని ఆపే గ్లాస్ ఊల్ (గాజు దూది), పైన మధ్యలో ఖాళీ ఉన్న రెండు గాజు పలకలు, మూతకి లోపలివైపు అద్దం. వెలుతురు లోపలికి పోతుంది, వేడి బయటికి రాదు. లోపల వేడి 100 నుంచి 140 డిగ్రీల దాకా ఉంటుంది.

వేడి అంత ఉన్నా వంట ఎందుకు నిదానం? మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. పెట్టె గాజు పావు చదరపు మీటరే. అద్దం ఎంత సాయం చేసినా, లోపలినుంచి జారిపోయేది పోగా గిన్నెకి దక్కేది సుమారు 100 వాట్లు, పాతకాలం గుండు బల్బు ఒకటి ఎంత తాగేదో అంత. దానితో అన్నానికి గంటన్నర, పప్పుకి రెండు మూడు గంటలు పట్టడంలో వింతేం లేదు.

మన తిండిలో ఈ నిదానం కలిసొచ్చేవి చాలానే ఉన్నాయి. కందిపప్పు, శనగ గుగ్గిళ్లు, చిలగడదుంపలు, గుమ్మడికాయ పులుసు, పులిహోరకి కావాల్సిన చింతపండు గుజ్జు. కలపక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. దోసె, చపాతీ, పూరీ, వేపుడు, తాలింపు మాత్రం దీని వల్ల కావు. పొద్దున్న ఏడున్నరకి పిల్లల క్యారియర్లు సర్దాల్సిన ఇంటికి ఇది ఆదివారాలు మాత్రమే పనికొస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సగం రోజులు మబ్బే.

క్రమం తప్పకుండా వాడితే ఏడాదికి మూడు నాలుగు సిలిండర్లు మిగులుతాయని ప్రభుత్వం వాళ్లు చెబుతారు. మాకు ఎప్పుడూ రెండు దాటలేదు. తప్పు కుక్కర్‌ది కాదు, మేం ఊళ్లకి తిరగడం ఎక్కువ. పైగా మా వీధిలో కోతులున్నాయి. మూత ఎత్తడం రెండో రోజే నేర్చుకున్నాయి, అప్పట్నుంచి తాడు కట్టి పైన ఇటుక పెడుతున్నాం. మొదట కొన్న పెట్టె అద్దం రెండు వానాకాలాలకే మచ్చలు పడింది. కొట్టువాడు మార్చి ఇవ్వలేదు. కొనేటప్పుడు అద్దం వెనక పూత, గాజు చుట్టూ రబ్బరు చూసుకోవాలని అప్పుడు తెలిసింది.

డిష్ కుక్కర్

మన దేశంలో దీని మొదటి పరీక్ష తప్పింది. 1950లలో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ అద్దాల కుక్కర్ ఒకటి తయారుచేసింది. బజారులో దాన్ని అడిగినవాడు లేడు. పిడకలూ పుల్లలూ ఊరికే దొరికే రోజుల్లో, డబ్బులు పెట్టి కొని మళ్లీ ఎండలో నిలబడి వండమంటే ఎవరు వింటారు?

తర్వాత వచ్చిన వాటిలో పేరున్నది ఎస్‌కే-14. జర్మనీకి చెందిన డీటర్ జైఫెర్ట్ రూపకల్పన. వ్యాసం 1.4 మీటర్లు, బలం సుమారు 600 వాట్లు, అంటే పెట్టెకి ఆరింతలు. అరగంటలో అన్నం అవుతుంది, వేపుళ్లూ చేసుకోవచ్చు. కానీ పావుగంటకోసారి సూర్యుడి వైపు తిప్పుతుండాలి. కళ్లు జిగేల్‌మంటాయి, నల్ల కళ్లద్దాలు కావాలి. ఏప్రిల్ నెలలో రాయలసీమలో, తెలంగాణలో పన్నెండింటికి దాని పక్కన నిలబడి బెండకాయ వేపుడు కలుపుతున్నట్టు ఊహించుకోండి. ఎండ బాగా ఉన్న చోటే ఇది బాగా పనిచేస్తుంది, అక్కడే మనిషి నిలబడలేడు. చలిదేశంలో డిష్ పక్కన నిలబడటం హాయి, మనకది శిక్ష.

అదే డిష్ ఎండలో ఉండి, వంటవాడు నీడలో ఉంటే కథ మారిపోతుంది. వోల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ అనే ఆయన రూపొందించిన డిష్‌ల గొప్పతనం అదే. అవి సూర్యుడితో పాటు వాటంతటవే తిరుగుతాయి, వేడి మాత్రం కదలకుండా ఒక్కచోటే పడుతుంది. అక్కడ నీళ్లు ఆవిరై పైపుల్లో వంటశాలకి పోతాయి. తిరుమలలో 2002లో ఇలాంటి 106 డిష్‌లు పెట్టారు, రోజుకి సుమారు 15,000 మందికి వండే లెక్కతో. ఆ తర్వాత షిర్డీలో 73 పెట్టారు. వేలమందికి పప్పూ అన్నమూ ఆవిరి మీదే ఉడకాలి కాబట్టి అక్కడ వంట రకానికీ పరికరానికీ జత కుదిరింది. హాస్టల్‌కో, అన్నదాన సత్రానికో అయితే నేను డిష్ వైపే. నలుగురున్న ఇంటికి వద్దు.

ప్యానెళ్లు, ఇండక్షన్ పొయ్యి

దీన్ని సోలార్ కుక్కర్ అనడానికి కొందరు ఒప్పుకోరు. ఎండని నేరుగా వేడి చేయకుండా కరెంటు చేసి, ఆ కరెంటుని మళ్లీ వేడి చేయడం చుట్టుదారే. ప్యానెల్‌కి అందే ఎండలో కరెంటుగా మారేది అయిదో వంతు. కానీ 2010 తర్వాతి పదేళ్లలో ప్యానెళ్ల ధర దాదాపు తొంభై శాతం పడిపోయింది. దారి చుట్టే అయినా బండి చవకైపోయింది. నాకు తెలిసి ప్రపంచమంతటా ఎండ వంట బజారు ఇప్పుడు మలుపు తిరుగుతున్నది ఇటువైపే. అద్దాలు తిప్పడం కంటే వైరు లాగడం తేలిక.

మధ్యప్రదేశ్ బేతుల్ జిల్లాలోని బాంచా అనే చిన్న ఊళ్లో ఐఐటీ బొంబాయి సాయంతో ఇంటింటికీ ప్యానెళ్లు, బ్యాటరీలు, ఇండక్షన్ పొయ్యిలు పెట్టారు. 2022లో ఇండియన్ ఆయిల్ 'సూర్య నూతన్' అనే సోలార్ పొయ్యిని చూపించింది. ప్యానెల్ బయట, పొయ్యి వంటింట్లో, వేడిని రాత్రికి దాచుకునే ఏర్పాటు దాని లోపలే. అప్పుడు చెప్పిన ధర 12,000 నుంచి 23,000 రూపాయలు.

మామూలు ఇంటికి లెక్క వేస్తే ఇలా వస్తుంది. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుకి సమానం. గ్యాస్ పొయ్యి మీద అందులో అరవై శాతం గిన్నెకి చేరుతుందనుకుందాం. ఇండక్షన్ మీద వృథా తక్కువ కాబట్టి అదే వంట 125 యూనిట్లలో అయిపోతుంది. సిలిండర్ నెలన్నర వచ్చే ఇంట్లో ఇది రోజుకి మూడు యూనిట్ల లోపే. మిద్దె మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లుంటే మంచి రోజున పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి. వంటకి పోను ఫ్యాన్లకీ ఫ్రిజ్‌కీ మిగులుతాయి. ఇళ్ల మిద్దెల మీది ప్యానెళ్ల కోసం కేంద్రం 2024లో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఇచ్చిన కరెంటునీ తీసుకున్న కరెంటునీ లెక్కగట్టే నెట్ మీటర్ ఉంటే మధ్యాహ్నం గ్రిడ్‌కి ఇచ్చిన కరెంటు పొద్దున్న క్యారియర్ వంటకి లెక్కలో తిరిగొస్తుంది. ఏడున్నర క్యారియర్ సమస్యని తీర్చేది ఈ మూడింట్లో ఇదొక్కటే.

అమ్మేవాళ్లు గట్టిగా చెప్పని సంగతులు కూడా ఉన్నాయి. బ్యాటరీ లేకుండా ఊరి కరెంటు లైనుకి కలిపిన ఆన్‌గ్రిడ్ సిస్టమ్ అయితే ఊళ్లో కరెంటు పోగానే మీ ప్యానెళ్లూ ఆగిపోతాయి, నడినెత్తిన సూర్యుడున్నా సరే. లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. కాబట్టి ఒక సిలిండర్ ఇంట్లో ఉంచుకోక తప్పదు. మామూలు అల్యూమినియం గిన్నెలు, ఇత్తడి, మట్టికుండలు ఇండక్షన్ మీద పనిచేయవు, గిన్నెల ఖర్చు అదనం. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి, మిద్దె మీద హక్కు లేని అపార్ట్‌మెంట్ వాళ్లకి ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

సొంత మిద్దె ఉండి, పెట్టుబడి పెట్టగలిగితే ప్యానెళ్లూ ఇండక్షనే మేలు. అద్దె ఇల్లయితే, పగలు ఇంట్లో మనిషి ఉంటే, ఎండ పడే బాల్కనీయో డాబానో ఉంటే పెట్టె కొనండి. ఇల్లు మారినా వెంట వస్తుంది, పెట్టిన డబ్బు తొందరగా తిరిగొస్తుంది. పెట్టెని ఒక్కటే పొయ్యి అనుకుంటే నిరాశ, రెండో పొయ్యి అనుకుంటే సుఖం.

మా ఇంట్లో పోయినేడాది ప్యానెళ్లు బిగించాం. టిఫిన్లు, కూరలు ఇండక్షన్ మీదే. పెట్టె అమ్మేద్దామని మా ఆయన అంటే అత్తగారు ఒప్పుకోలేదు. ప్యానెళ్ల నీడ పడని మూలకి దాన్ని జరిపించి, ఇటుక మళ్లీ పైన పెట్టించారు.