అమెచ్యూరా, ప్రొఫెషనలా? నల్గొండ ఆడపిల్లకు ఏ రింగు మేలు?

మా అక్క కూతురు ఎనిమిదేండ్లుగా బాక్సింగ్ చేస్తోంది. ఇప్పుడు దానికి ఇరవై ఏండ్లు. పోయిన నెల ఫైట్లు ఏర్పాటు చేసే ప్రమోటర్ ఒకాయన ఫోన్ చేసి, ప్రొఫెషనల్ ఫైట్లు ఇప్పిస్తానన్నాడు. ఆ రాత్రి కంచం ముందు కూర్చొని అన్నం కలపకుండా, "ఇంకెన్నేండ్లు సెలక్షన్ల చుట్టూ తిరగాలె మామా? పోనియ్యు నన్ను" అంది. నెల రోజులుగా మా ఇంట్లో ఇదే చర్చ. నల్గొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఇంకో ఇంట్లో కూడా ఇదే మాట నడుస్తుండొచ్చు. అందుకే నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

ముందు ఆట తేడా. అమెచ్యూర్ అంటే ఫెడరేషన్ సెలక్షన్లతో ఒలింపిక్స్ దాకా పోయే దారి, ప్రొఫెషనల్ అంటే ప్రమోటర్లు పెట్టే పైసల ఫైట్లు. అమెచ్యూర్‌లో ఆడవాళ్ల బౌట్, అంటే ఒక పోటీ, మూడు నిమిషాల రౌండ్లు మూడు, అంటే తొమ్మిది నిమిషాలు. తలకు హెడ్‌గార్డ్, చేతికి 10 ఔన్సుల గ్లోవ్స్. ప్రొఫెషనల్‌లో హెడ్‌గార్డ్ ఉండదు, తేలిక బరువుల్లో గ్లోవ్స్ సాధారణంగా 8 ఔన్సులు. రౌండు రెండు నిమిషాలే అయినా టైటిల్ ఫైట్ పది రౌండ్ల దాకా సాగుతుంది. దెబ్బకూ తలకూ మధ్య ఉండేది తగ్గిపోతుంది, ఆడే సమయం పెరుగుతుంది. మా అక్కకు ఈ ఒక్క మాట చెబితే చాలు, ఆమె తీర్పు అయిపోయినట్టే.

కానీ అమెచ్యూర్ ఒంటికి తేలికేమీ కాదు. 2022లో ఇస్తాంబుల్‌లో మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ కావడానికి ఒకే టోర్నీలో అయిదు బౌట్లు గెలవాల్సి వచ్చింది. బౌట్ ఉన్న ప్రతి పొద్దున మళ్లీ తూకం, ఆడే బరువు దాటకూడదు. ఆ తూకం సంగతి మా ఇంట్లో కళ్లారా చూశాను. పోటీ ముందు రాత్రి పిల్ల నీళ్లు నోట్లో పోసుకుని, పుక్కిలించి, మింగకుండా ఊసేసింది. తెల్లారి మూడు వందల గ్రాములు ఎక్కువుందని స్వెట్ సూట్ వేసుకుని స్కిప్పింగ్ చేసింది. మిషన్ ఎక్కేముందు జడకున్న రబ్బరు బ్యాండ్ కూడా తీసి నా చేతిలో పెట్టింది. ప్రొఫెషనల్‌లో తూకం ముందురోజే అయిపోతుంది, ఒక్క ఫైట్‌కు ఒక్కసారే. తిని, తాగి, నిద్రపోయి రింగెక్కొచ్చు. ఈ ఒక్క విషయంలో పిల్ల వాదనే బలమైంది, ఒప్పుకున్నాను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఒలింపిక్స్‌లో ఒక బరువుకు దేశం నుంచి ఒక్కరే. నీకంటే ముందు అదే బరువులో ఒక పెద్ద పేరు ఉంటే ఏండ్లకేండ్లు ఆగాల్సిందే. 2019లో నిఖత్ అంతటామె, మేరీ కోమ్‌తో ట్రయల్ (ఎంపిక పోటీ) పెట్టండని క్రీడల మంత్రికి బహిరంగంగా లేఖ రాయాల్సి వచ్చింది. ట్రయల్ పెట్టారు, నిఖత్ ఓడింది, మళ్లీ లేచింది. నల్గొండ నుంచి రాష్ట్ర సెలక్షన్‌కు పోయే పిల్లకు లేఖ రాస్తే చదివేవారెవరు? ప్రొఫెషనల్‌లో ఆ తలుపు కాడ నిలబడే పని లేదు. ఎన్ని గెలిస్తే అన్నీ నీ లెక్కలోనే పడతాయి.

మరి పైసలు? ఇక్కడే పిల్లలు మోసపోతారు. 2022 ఏప్రిల్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రొఫెషనల్ బాక్సర్లు కేటీ టేలర్, అమండా సెరానో తలపడ్డప్పుడు చెరొకరికి పది లక్షల డాలర్లు దాటాయని అందరూ వీడియోలు చూపిస్తారు. టేలర్ 2012 లండన్ ఒలింపిక్స్ బంగారంతో, 2016లో ప్రొఫెషనల్‌లోకి వచ్చిందని చెప్పరు. ఆ పతకం లేని సెరానో ఏండ్ల తరబడి చిన్న మొత్తాలకే ఆడింది. మన దేశంలో ప్రొఫెషనల్ దారి తొక్కిన సరితా దేవి సంగతే చూడండి. 2006 ప్రపంచ చాంపియన్, మణిపూర్ పోలీసు శాఖలో ఉద్యోగం ఉన్నామె. 2017 జనవరిలో ఇంఫాల్‌లో ప్రొఫెషనల్ ఫైట్ గెలిచింది. 2018 నవంబర్‌కల్లా ఢిల్లీ ప్రపంచ పోటీల్లో మళ్లీ అమెచ్యూర్ రింగులోనే ఉంది.

మాకు ఫోన్ చేసిన ప్రమోటర్‌నే అడిగాను. మెడికల్ టెస్టులు, ప్రయాణం, కోచ్ ఖర్చు ఎవరివి అంటే "ముందు మీరు పెట్టుకోండి, తర్వాత చూద్దాం" అన్నాడు. దెబ్బ తగిలి ఆర్నెల్లు కూర్చుంటే? జవాబు లేదు. మా బావ ఆటో నడుపుతాడు. ఆ "తర్వాత" దాకా ఆగే స్తోమత మా ఇంటికి లేదు.

అమెచ్యూర్‌లో ఉన్న బలం ఉద్యోగం. తెలంగాణ ప్రభుత్వ నియామకాల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది. రైల్వే, కేంద్ర బలగాలు కూడా ఆటగాళ్లను తీసుకుంటాయి. నిఖత్‌కు 2024లో డీఎస్పీ పోస్టు ఇచ్చారు. అంత పెద్దది రాకపోయినా కానిస్టేబుల్ కొలువు చాలు, మా ఇల్లు నిలబడుతుంది. అక్కడ అడిగేది గుర్తింపు ఉన్న ఫెడరేషన్ పోటీల సర్టిఫికెట్లే. ప్రొఫెషనల్ ఫైట్ గెలిచిన ఫోటో అక్కడ పనికిరాదు. పైగా హైదరాబాద్ సెలక్షన్‌కు వంద కిలోమీటర్లు పోవడానికి ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడపిల్లకు టికెట్ లేదు. ఖర్చు చాలావరకు గ్లోవ్స్, తిండే.

అందుకే నా మాట: ఉద్యోగం చేతికి వచ్చేదాకా అమెచ్యూరే మేలు. ఆ తర్వాత శాఖ అనుమతి తీసుకుని ప్రొఫెషనల్‌లోకి పోతానంటే టేలర్ లాగే పేరుతో పోతుంది, నేనే రింగు పక్కన కూర్చుంటా. కాకపోతే "ఆగు" అని ఊరికే అనడం అన్యాయం. గడువు పెట్టుకున్నాం: ఇంకో రెండు సీజన్లు. అప్పటికీ సర్టిఫికెట్ రాకపోతే ప్రమోటర్‌కు ఫోన్ నేనే చేస్తానని మాటిచ్చాను.

పిల్ల ఏమీ అనలేదు. పొద్దున అయిదింటికి లేచి చూస్తే వాకిట్లో కూర్చొని, బొటనవేలికి కొస తగిలించుకుని చేతికి బ్యాండేజ్ చుట్టుకుంటోంది. "ఈ కొస పట్టుకో మామా" అంది.