రోజువారీ ట్రక్కులో చిన్న క్యామ్: 5.3 లీటర్ల షెవీలో చాలాకాలం వాడాక

ఫ్యాక్టరీ క్యామ్ (ఇంజిన్ వాల్వులను తెరిచి మూసే షాఫ్టు) తీసి వేయించిన ఈ క్యామ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది, అది ఇంజిన్‌లో ఉన్నట్టే తెలియకపోవడం. సిగ్నల్ దగ్గర ఏసీ వేసి, గేరు డ్రైవ్‌లోనే ఉంచి బ్రేకు మీద కాలేసి నిలబెట్టినా స్టీరింగ్‌లో వణుకు రాదు, ఆర్‌పీఎం ముల్లు ఊగదు, బ్రేకు పెడల్ ఎప్పటిలాగే మెత్తగా దిగుతుంది. వాక్యూమ్ గేజ్ పెట్టి చూస్తే ఐడిల్‌లో 17 అంగుళాలు. ఆ డుబడుబ చప్పుడు కోసమే క్యామ్ మార్చాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

ఇంజిన్ జెన్ 3 ఎల్‌ఎం7, అంటే షెవీ మూడో తరం 5.3 లీటర్ల వీ8. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, టార్క్ కన్వర్టర్ ఫ్యాక్టరీవే, వెనక యాక్సిల్‌లో 3.73 గేర్లు. ఫ్యాక్టరీ క్యామ్ డ్యురేషన్, అంటే క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగేదాకా వాల్వు తెరిచి ఉంటుందో ఆ లెక్క, లిఫ్టర్ 0.050 అంగుళాలు లేచిన దగ్గర కొలిస్తే 190 డిగ్రీల చిల్లర. కొత్తదానికి ఇన్‌టేక్ 206, ఎగ్జాస్ట్ 212, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబుల మధ్య కోణం) 113, ఇన్‌టేక్ సెంటర్‌లైన్ (పిస్టన్ పైనుంచి బయల్దేరాక ఇన్‌టేక్ వాల్వు పూర్తిగా తెరుచుకునే డిగ్రీ) 109, లిఫ్ట్ (వాల్వు తెరుచుకునే ఎత్తు) 0.525 అంగుళాలు.

అమ్మేవాళ్లు చూపించే హార్స్‌పవర్ గ్రాఫు పక్కన పెట్టి, క్యామ్ కార్డు మీద రెండు లెక్కలు వేసుకుంటే చాలు. రెండు డ్యురేషన్ల సగటులోంచి లోబ్ సెపరేషన్‌కు రెట్టింపు తీసేయాలి. ఇక్కడ 209లోంచి 226 పోతే మైనస్ 17. ఇదే ఓవర్‌ల్యాప్, రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే కాలం. 228/232 డ్యురేషన్, 112 సెపరేషన్ ఉన్న క్యామ్‌కు ఇదే లెక్క ప్లస్ 6 వస్తుంది. చప్పుడు దానిదే, పడిపోయే వాక్యూమ్ కూడా దానిదే. ఇక ఇన్‌టేక్ వాల్వు ఎప్పుడు మూసుకుంటుందో చూడాలి. సెంటర్‌లైన్‌కు డ్యురేషన్‌లో సగం కలిపి 180 తీసేస్తే 32 వచ్చింది, అంటే పిస్టన్ అడుగుకు చేరి మళ్లీ 32 డిగ్రీలు తిరిగాక. ఇది 40 దాకా పోయిందంటే తక్కువ ఆర్‌పీఎంలో పైకొచ్చే పిస్టన్ లోపలికి పీల్చిన గాలిని కొంత వెనక్కి నెట్టేస్తుంది. బరువైన బండిలో 5.3 లాంటి ఇంజిన్‌కు ఆ దెబ్బ రోజూ తగులుతుంది.

మార్చిన కొత్తలో ‘కిందనుంచే లాగుతోంది’ అని అందరికీ చెప్పాను. అందులో సగం ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) పుణ్యమే. గేరు మారేటప్పుడు ఫ్యాక్టరీ కంప్యూటర్ టార్క్‌ను కోసేస్తుంది, ఆ కోతను ట్యూనర్ తగ్గించి పెట్టడంతో బండి ఒక్కసారిగా చురుగ్గా అనిపిస్తుంది. రెండువేల ఆర్‌పీఎం లోపల పాతదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. అసలు లాభం 2,500 దాటాక మొదలై 5,500 దాకా ఉంటుంది. హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. ట్యూన్ లేకుండా నడపొచ్చనే మాట మాత్రం నమ్మొద్దు. కోల్డ్ స్టార్ట్‌లో ఐడిల్ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది.

విసిగించింది ఆయిల్ ప్రెజర్. పాత క్యామ్‌తో వేడి ఇంజిన్ ఐడిల్‌లో 35 పీఎస్ఐ దగ్గర ఉండే ముల్లు, పని అయ్యాక 12కు దిగింది, లిఫ్టర్లు (క్యామ్ మీద కూర్చుని వాల్వులను కదిలించే ముక్కలు) టకటకమన్నాయి. ఫ్యాక్టరీ లెక్కన 1,000 ఆర్‌పీఎం దగ్గర 6 పీఎస్ఐ ఉంటే చాలు కాబట్టి ‘లిమిట్‌లోనే ఉంది, వదిలేయండి’ అనేవాళ్లు ఉంటారు. వదిలేయకూడదు. చూడాల్సింది ఎంత పడిందనే. ముందుగా ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనకున్న సెన్సర్ స్థానంలో మెకానికల్ గేజ్ పెట్టాలి, ఆ సెన్సర్లు తరచూ తప్పు చూపిస్తాయి. గేజ్ కూడా తక్కువే చూపిస్తే రెండు క్వార్ట్‌ల (రెండు లీటర్లకు కాస్త తక్కువ) ఆయిల్ అదనంగా పోసి ఐడిల్‌లోనే ఒకసారి చూడాలి. ప్రెజర్ లేచిందంటే, అడుగున ఉన్న ఆయిల్‌ను పంప్‌కు అందించే పికప్ ట్యూబ్ పంప్‌కు కలిసే చోట పంప్ గాలి పీలుస్తోందన్నమాట. ఆయిల్ మట్టం పెరిగి ఆ సందును ముంచేసరికి గాలి ఆగుతుంది. చూడగానే ఆ అదనపు ఆయిల్ తీసేయాలి, దానితో రోడ్డెక్కకూడదు.

ఇక్కడ ప్రెజర్ లేచింది. దోషి ఆ అతుకులోని ఓ-రింగ్ (రబ్బరు రింగు సీలు). క్యామ్ కోసం టైమింగ్ చెయిన్ తీయాలంటే ఆయిల్ పంప్ ఊడదీయాల్సిందే, పంప్ ఊడితే ట్యూబ్ కూడా ఊడాలి. ఆ ట్యూబ్‌ను పంప్‌కు పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు, అదీ ఒక పక్కన. ట్యూబ్‌ను బోల్టుతో లోపలికి లాగితే వంకరగా కూర్చుని ఓ-రింగ్ అంచును కోసేస్తుంది. రింగుకు ఆయిల్ రాసి, ట్యూబ్‌ను చేత్తో తిన్నగా చివరిదాకా నొక్కి, ఆ తర్వాతే బోల్టు పెట్టి 106 అంగుళ-పౌండ్లకు బిగించాలి. రెండో పక్క కూడా పట్టే క్లాంప్ ఒకటి విడిగా దొరుకుతుంది, అది వేయించాక ముల్లు పాత చోటికి వచ్చింది. ఓ-రింగ్ మందం ట్యూబ్‌ను బట్టి మారుతుంది కాబట్టి ప్యాకెట్‌లో ఏది ఉంటే అది వేసేయకూడదు. రెండు క్వార్ట్‌లు పోసినా ప్రెజర్ కదలకపోతే క్యామ్ ముందుండే రిటెయినర్ ప్లేటు సీలు చూడాలి. అది చిరిగితే లిఫ్టర్లకు వెళ్లే ఆయిల్ అక్కడే కారిపోతుంది.

క్యామ్ కిట్ అంటారు గానీ సగం సామాను విడిగా కొనాల్సిందే. క్రాంక్ పుల్లీ బోల్టు సాగే రకం, కొత్తది కావాలి. పాత బోల్టుతో పుల్లీని 240 అడుగు-పౌండ్లకు కూర్చోబెట్టి, అది తీసి, కొత్తదాన్ని 37కు బిగించి ఇంకో 140 డిగ్రీలు తిప్పాలి. ఈ లిఫ్ట్‌కు పాత ట్రక్కు వాల్వు స్ప్రింగులు చాలవు, షెవీ ఎల్‌ఎస్6 ఇంజిన్ స్ప్రింగులు వేయాలి. లిఫ్టర్ కదలికను పైకి అందించే పుష్‌రాడ్ ఫ్యాక్టరీ పొడవు 7.400 అంగుళాలు, దాన్నే వాడొచ్చో లేదో కొలిచి తేల్చుకోవాలి. లిఫ్టర్లను పైన పట్టుకునే ప్లాస్టిక్ ట్రేలు పాతబడితే జారవిడుస్తాయి. క్యామ్ లాగే ముందు బ్లాకు ముందున్న రెండు రంధ్రాల్లో 5/16 అంగుళాల కడ్డీలు దూర్చి లిఫ్టర్లను ఆపుకోవడం మంచిది.

నేను మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను, అయితే నా బండిలో ఏఎఫ్ఎం (తక్కువ లోడులో కొన్ని సిలిండర్లను ఆపేసే ఏర్పాటు) లేదు, వెనక బరువైన ట్రైలరూ ఉండదు. 2007 నుంచి వచ్చిన ఏఎఫ్ఎం ఇంజిన్ అయితే 1, 4, 6, 7 సిలిండర్ల లిఫ్టర్ల కోసం హెడ్లు కూడా దించాలి, ఖర్చు లెక్కే మారిపోతుంది. రోజూ ట్రైలర్ లాగే బండికైతే నేను ఇన్‌టేక్ 200 దగ్గరే ఆగిపోతాను. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు క్యామ్‌కు కార్బ్ ఈఓ నంబరు (ఆ రాష్ట్ర వాయు కాలుష్య బోర్డు ఇచ్చే అనుమతి) ఉందో లేదో ముందే చూసుకోవాలి.