ఉక్కు మీద పిట్ట ఈకలు: బ్రెషా, గార్దోనే, లీయేజ్ యాత్ర

మాకు వేట తెలియదు. తుపాకీ కొనే ఉద్దేశం అసలే లేదు. అయినా తొమ్మిది రోజుల సెలవు మొత్తం తుపాకుల మీది నగిషీ చూడటానికే పెట్టుకున్నాం, నేనూ మా ఆవిడా. అంతా ఒక ఫోటోతో మొదలైంది. డబుల్ బ్యారెల్ షాట్‌గన్ పక్కపలక (ట్రిగ్గర్ పైన పక్కభాగంలో ఉండే ఉక్కు పలక) మీద, అగ్గిపెట్టెలో సగం ఉండే జాగాలో, ఎండుటాకుల మధ్య కూర్చున్న పిట్ట. పెన్సిల్ బొమ్మను ఎవరో అతికించారనుకున్నాను. అది ఉక్కులో చేత్తో చెక్కిన బొమ్మ అని తెలిశాక మనసు అక్కడే ఆగిపోయింది. ఈ పని చేసే ఊళ్లు, ఇటలీలోని బ్రెషా, గార్దోనే, బెల్జియంలోని లీయేజ్, ఒక్కసారైనా చూసి రావాలనుకున్నాం.

వెళ్లిన ప్రతి చోటునీ ఒకే లెక్కన చూశాను: ఆ పనికి నా కన్ను ఎంత దగ్గరగా వెళ్లగలిగింది, వెలుతురు ఎలా ఉంది. ఈ కళకు మిగతావన్నీ ఆ తర్వాతే. రెండడుగుల దూరం నుంచి చూస్తే గొప్ప పనీ మామూలు పనీ ఒకేలా బూడిదరంగులో కనిపిస్తాయి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి జేబులో లేకుండా ఈ యాత్రకు బయల్దేరకండి.

ముందు మకాం ఎక్కడ వేయాలన్నది చూసుకోవాలి. చాలామంది మిలాన్‌లో దిగి అక్కడి నుంచే తిరుగుతారు. నేనైతే బ్రెషాలోనే ఉండమంటాను. మిలాన్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో గంటలోపే చేరిపోవచ్చు. తుపాకుల లోయ వాల్ ట్రోంపియా అక్కడి నుంచే మొదలవుతుంది. మేం మొదటి రెండు రాత్రులు స్టేషన్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ గది తీసుకుని పొరపాటు చేశాం. ఫోటోలో ఉన్న ఏసీ అక్కడ పనిచేయలేదు, ఓనర్‌కు ఎన్ని మెసేజ్‌లు పెట్టినా జవాబు రాలేదు, కిటికీ తెరిస్తే అర్ధరాత్రి దాకా స్కూటర్ల మోత. రెండో రాత్రికి మా ఆవిడకు తలనొప్పి పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే సామాను సర్దుకుని కోట కింద పాతబస్తీలో ఒక కుటుంబం నడిపే చిన్న లాడ్జికి మారాం. రాత్రికి 95 యూరోలు, టిఫిన్‌తో కలిపి. గది ఇరుకే గానీ ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దాని పక్కనే బల్ల ఉన్నాయి. ఆ కిటికీ వెలుతురు ఎంత పనికొచ్చిందో తర్వాత చెప్తాను.

బ్రెషా మెట్రో డ్రైవర్ లేకుండా నడుస్తుంది. 2013లో మొదలైంది, శుభ్రంగా ఉంటుంది, దారి తప్పే భయం లేదు. శాన్ ఫౌస్తీనో స్టేషన్‌లో దిగి కొండెక్కితే కోట. మేం మొదట సోమవారం వెళ్లాం. ఇటలీలో చాలా మ్యూజియంలకు సోమవారం సెలవు. ఆ సంగతి ముందే చూసుకోకపోవడం నా తప్పు. ఒక రోజు పోయింది.

మంగళవారం చూసిన మార్జోలి ఆయుధాల మ్యూజియం మాత్రం ఆ బాధనంతా మరిపించింది. చిద్నెయో కొండ మీది కోటలో, 14వ శతాబ్దంలో మిలాన్‌ను ఏలిన విస్కొంతీలు కట్టించిన బురుజులో ఉంది ఇది. గోడల మీద పాత రంగుల బొమ్మలు, ఒకచోట రోమన్ల కాలపు గుడి మెట్లు కూడా కనిపిస్తాయి. లుయిజీ మార్జోలి అనే పారిశ్రామికవేత్త జీవితమంతా కూడబెట్టిన సేకరణే దీనికి ఆధారం. 1988లో తెరిచారు. కవచాల గదులు మేం త్వరగా దాటేశాం. 17వ శతాబ్దపు బ్రెషా పిస్తోళ్ల దగ్గర మాత్రం గంటన్నర ఉండిపోయాం.

ఆ పిస్తోళ్ల గురించి కాస్త చెప్పాలి. చెక్క పిడి మీద, లేసు అల్లినట్టు సన్నని ఉక్కు జాలీ పొదిగి ఉంటుంది. దాన్ని రంపంతో, ఆకురాయితో ఖాళీలు తీసి చేశారు. తీగ మెలికలో ఒక ఆకు, ఆకు కొసన ఒక మృగం తల, దాని నోట్లోంచి మళ్లీ ఇంకో తీగ. చెక్కలో ఆ జాలీకి సరిపడా గాడి తవ్వి కూర్చోబెట్టారు. వేలితో నిమిరితే ఎక్కడా ఎగుడుదిగుడు తగలదేమో అనిపించేంత సమంగా ఉంది. మా ఆవిడ అద్దానికి మొహం ఆనించి, "ఏమండీ, ఇక్కడ చెక్కకు ఉక్కు కుచ్చిళ్లు పోసినట్టు లేదూ!" అంది. నాకు దొరకని మాట అది.

ఆ గొట్టాల మీద చాలాచోట్ల కనిపించే పేరు లాజరీనో కొమినాట్సో. గార్దోనేకు చెందిన ఆ కుటుంబం చేసిన బ్యారెళ్లకు యూరప్ అంతటా గిరాకీ ఉండేది. గిరాకీని చూసి వేరే ఊళ్ల పనివాళ్లు కూడా తమ గొట్టాల మీద ఆ పేరే చెక్కుకున్నారు. అందుకే తుపాకులు సేకరించేవాళ్లకు మొదటి పాఠం మూడు వందల ఏళ్ల నాటిది: సంతకం చూసి కొనకూడదు, పని చూసి కొనాలి. పేరు చెక్కడానికి ఒక పూట చాలు. ఆ ఆకు మెలికను తేవాలంటే ఒక జీవితం కావాలి.

గార్దోనే వాల్ ట్రోంపియా బ్రెషాకు ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్లు. బస్సులో వెళ్లాం. లోయ ఇరుకు, ఫ్యాక్టరీలు ఎక్కువ, అందమైన కొండ ఊరిని ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. కానీ ఇక్కడే ఈ పని ఎందుకు పుట్టిందో కిటికీలోంచి చూస్తే అర్థమవుతుంది. ఒకప్పుడు కొండల్లో ఇనుప ఖనిజం తవ్వేవారు. బొగ్గుకు అడవి ఉండేది, సమ్మెటలు తిప్పడానికి మెల్లా నది ఉండేది. వెనిస్ పాలనలో ఉన్న ఈ లోయకు వెనిస్ ఆయుధశాల నుంచే ఆర్డర్లు. 1526లో 185 తుపాకీ గొట్టాలకు 296 డ్యూకట్లు బార్తొలొమియో బెరెట్టాకు చెల్లించినట్టు పత్రం ఉంది. ఆ బెరెట్టా కుటుంబపు తుపాకీ కంపెనీ ఇప్పటికీ ఇదే ఊళ్లో ఉంది. ఇటలీలో తయారైన తుపాకులను పరీక్షించి ముద్ర వేసే జాతీయ పరీక్షా కేంద్రం కూడా ఇక్కడే. విల్లా ముత్తి బెర్నార్దెల్లిలో ఊరి తుపాకీ పనుల మ్యూజియం ఒకటి ఉంది, పనిముట్లు చూడాలనుకునేవాళ్లకు బాగుంటుంది.

మేం వచ్చింది మాత్రం నగిషీ చెక్కే ఒక పెద్దాయన పనిగది కోసం. మూడు నెలల ముందే ఈమెయిల్ రాశాను. రెండుసార్లు జవాబు రాలేదు, మూడోసారి వచ్చింది: "గురువారం పదింటికి రండి, ఒక గంట." అపాయింట్‌మెంట్ లేకుండా ఈ ఊళ్లో తలుపులు తట్టి లాభం లేదు. కళ్లు పెట్టి చేసే పని, మధ్యలో లేవమంటే ఎవరికైనా కష్టమే. ఆగస్టులో అయితే వెళ్లనే వద్దు, 15వ తేదీ చుట్టూ చాలా వర్క్‌షాపులు సెలవులకు మూసేస్తారు.

గదిలో ఒక బల్ల, పలకను బిగించి పట్టుకునే, గుండ్రంగా తిరిగే బరువైన పట్టకర్ర, దాని మీద మైక్రోస్కోప్. పట్టకర్రలో బిగించిన పక్కపలక మీద వుడ్‌కాక్ పిట్ట సగమే తయారై ఉంది. చెక్కే సాధనాన్నీ ఆ పద్ధతినీ కూడా బులినో అంటారు. కొస పదునైన సన్నని ఉక్కు పుల్ల, వెనక చెక్క గుబ్బ. ఆ గుబ్బను అరచేతిలో పెట్టుకుని పెద్దాయన నెడుతున్నారు. సుత్తి లేదు, గాలి ఒత్తిడితో నడిచే యంత్రం లేదు. కుడిచేయి దాదాపు కదలదు, ఎడమచేతితో పట్టకర్రనే కొద్దికొద్దిగా తిప్పుతారు. పది గీతలు గీస్తే ఒకసారి కొసను రాతి మీద పదును పెట్టుకుంటున్నారు.

ఆయన లేచి నన్ను మైక్రోస్కోప్ దగ్గర కూర్చోమన్నారు. పిట్ట రెక్క మీద ఒక్క ఈక చూశాను. నడుమ కాడ ఉన్నచోట అసలు గీతే లేదు, అక్కడ ఉక్కును అలాగే వదిలేశారు. ఆ తెలుపే కాడ. దానికి రెండువైపులా వెంట్రుక కంటే సన్నని గీతలు, అంచుకు పోయేకొద్దీ చుక్కలుగా విడిపోతున్నాయి. నలుపు కోసం రంగు వేయలేదు. గీత ఎంత లోతు, పక్క గీతకు ఎంత దగ్గర అన్న దాన్నిబట్టే నీడ ముదురుతుంది. ఆయన దీపాన్ని చేత్తో కొంచెం పక్కకు జరిపారు. వెలుగు పడే వాలు మారేసరికి రెక్క లేచినట్టయింది. నేను నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాను. మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

రోజుకు ఎంత పని అవుతుందని అడిగితే బొటనవేలి గోరు చూపించారు. అదీ మంచిరోజైతే. తప్పు గీత పడితే రబ్బరుతో చెరిపేసినట్టు చెరపలేరు. చుట్టూ లోహాన్ని గీకి, నునుపు చేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఒక తుపాకీ పూర్తి కావడానికి నెలలు పడుతుంది. ఈ లోయలో బులినో పేరు చెప్తే మొదట వినిపించేది ఫిర్మో ఫ్రకాస్సి. జంతువు బొచ్చునూ పిట్ట ఈకనూ ఫోటోలా కనిపించే స్థాయికి తెచ్చిన మహా పనిమంతుడు ఆయన. మాకు చూపించిన పెద్దాయన కూడా ఆ పేరు పలికేటప్పుడు గొంతు తగ్గించారు.

సేకరణ గురించి ఆ గంటలో నేర్చుకున్నది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. చేతిపనినీ లేజర్ పనినీ ఎలా విడదీయాలో రెండు పలకలు పక్కపక్కన పెట్టి చూపించారు. బులినో కోసిన గాడి గోడలు భూతద్దంలో మెరుస్తాయి, గీత ఒకచోట సన్నగా మొదలై లావై మళ్లీ సన్నబడుతుంది. లేజర్ గాడి అడుగు మాడినట్టు మసకగా ఉంటుంది, లోతు అంతటా ఒకటే. జంతువు కన్ను చూడమన్నారు, మెరుపు చుక్క సరైన చోట పడకపోతే బొమ్మ చచ్చిపోతుందట. స్క్రూ తలల మీదుగా తీగ తెగకుండా సాగిందా, స్క్రూ గాట్లన్నీ ఒకే దిక్కుకు ఉన్నాయా అన్నది కూడా చూడాలి. ఎవరో విప్పి బిగించి ఉంటే అక్కడే దొరికిపోతుంది. ఇంకో మాట: బులినో గీతలు చాలా పైపైనే ఉంటాయి. పాలిష్ గుడ్డతో రుద్దిన తుపాకీ అయితే సగం బొమ్మ పోయినట్టే, ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దన్నారు.

తుపాకీ కొనలేనివాళ్లకు, లైసెన్సు గొడవలు వద్దనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. చెక్కేవాళ్లు పని చూసుకోవడానికి గాడుల్లో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. 19వ శతాబ్దంలో న్యూయార్క్‌లో పనిచేసిన జర్మన్ పనిమంతుడు లూయీ నిమ్‌ష్కే తన పనుల అచ్చులన్నీ ఒక పుస్తకంలో అతికించి దాచుకున్నాడు. సంతకం లేని అతని తుపాకులను ఈరోజుకీ ఆ అచ్చులతో పోల్చే గుర్తుపడుతున్నారు. అచ్చులు, సాధన కోసం చెక్కిన ఉక్కు పలకలు, ఇవి రెండూ సేకరించదగ్గవే. మేం ఒక చిన్న పలక, దాని అచ్చు కలిపి 260 యూరోలకు తీసుకున్నాం. మా బడ్జెట్‌కు ఎక్కువే. మర్నాడు పొద్దున లాడ్జి కిటికీ పక్క బల్ల మీద, ఉత్తరపు వెలుతురులో, పలకను తిప్పి తిప్పి చూస్తూ టిఫిన్ చల్లార్చుకున్నాం. శాకాహారులకు ఒక మాట: ఇక్కడి కాసొన్‌చెల్లి అనే కూరిన పాస్తాలో మామూలుగా మాంసం కూరుతారు, అడిగి తీసుకోండి. పొలెంటా (మొక్కజొన్న పిండి సంకటి) మాత్రం కడుపు నింపుతుంది.

లీయేజ్‌కు మూడు రోజులే మిగిలాయి. బ్రస్సెల్స్ దాకా విమానం, అక్కడి నుంచి గంట రైలు. ఆర్కిటెక్ట్ కలత్రావా కట్టిన గియ్‌మా స్టేషన్‌లో దిగగానే గాజు కప్పు కిందనే అరగంట తిరిగాం. హోటల్ నదికి దగ్గర, మామూలుది, రాత్రికి 110 యూరోలు, చెప్పుకోవడానికేం లేదు.

మ్యూజ్ నది ఒడ్డున ఉన్న గ్రాన్ క్యుర్తియస్ మ్యూజియంలో ఆయుధాల విభాగం చాలా పెద్దది. దాని మూలం 1885లో పెట్టిన ఆయుధాల మ్యూజియం. బ్రెషా తర్వాత ఇక్కడి పని కంటికి కొత్తగా అనిపించింది. ఇటలీ వాళ్లు ఉక్కు మీద బొమ్మ గీస్తే, ఇక్కడ పువ్వును ఉక్కులోంచి పైకి లేపుతారు. చిన్న సుత్తి, ఉలితో చుట్టూ నేలను తవ్వేసి ఆకును ఉబ్బెత్తుగా నిలబెడతారు. బంగారం పొదిగిన చోట్లు ముఖ్యంగా చూడండి. గాడి అడుగు వెడల్పుగా, పైన ఇరుకుగా కోసి, అడుగున చిన్న పళ్లు లేపి, మెత్తని బంగారు తీగను సుత్తితో లోపలికి దిగగొడతారు. జిగురు అవసరం లేదు, ఆ పళ్లే పట్టుకుంటాయి.

పక్కనే హెర్స్‌తాల్‌లో 1889లో పుట్టిన ఎఫ్ఎన్ తుపాకీ కంపెనీ ఉంది. తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ 1926లో కన్నుమూసింది ఆ ఫ్యాక్టరీలోనే. అదే ఏడాది ఫెలిక్స్ ఫున్‌కెన్ చేతికి అక్కడి నగిషీ విభాగం వచ్చింది. ఆయన గీసిన నమూనాలతో చెక్కిన బ్రౌనింగ్‌ల కోసం సేకర్తలు ఇప్పటికీ వెతుకుతారు. కాకపోతే నమూనా ఒకరిది, చేయి ఇంకొకరిది కావచ్చు. అడుగున ఉండే చిన్న సంతకాన్ని భూతద్దంతో వెతకాలి. ఊళ్లోని లెయోన్ మిన్యోన్ బడిలో తుపాకీ తయారీతో పాటు ఈ నగిషీనీ నేర్పుతారని తెలిసి సంతోషం వేసింది.

తిరుగు ప్రయాణంలో టెన్షన్ పెట్టింది ఆ పలకే. నేను దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టాను. స్కానర్‌లో నల్లగా కనిపించేసరికి బ్యాగ్ మొత్తం విప్పించారు. అచ్చు కాగితం, రసీదు చూపించాక వదిలారు. జ్ఞాపకంగా బులినో కొంటే దాన్ని మాత్రం చెక్ఇన్ సామానులోనే వేయండి. మొన ఉన్న పనిముట్టును క్యాబిన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. రసీదు మీద "సాధన పలక, తుపాకీ భాగం కాదు" అని రాయించుకుంటే ఇంకా మంచిది.

ఆస్ట్రియాలోని ఫెర్లాఖ్ చూడటానికి రోజులు చాలలేదు. అక్కడ తుపాకీ పనివాళ్ల బడి ఉంది, కోటలో మ్యూజియం ఉంది. ఈసారి వారం మొత్తం ఆ ఒక్క ఊరికే పెట్టుకుందామని మా ఆవిడ అప్పుడే అనేసింది. ఈమెయిల్ నిన్ననే రాశాను.