కాంపోజిట్ డెక్ మీద బూజుకు ఆక్సిజన్ బ్లీచ్ పొడి: ఎంతవరకు పనికొస్తుంది?

కాంపోజిట్ డెక్ (ఇంటికి ఆనుకుని బోర్డులు పరిచిన ఆరుబయటి అరుగు) మీద బూజు పడితే, డెక్ క్లీనర్ అని రాసి అమ్మే ఖరీదైన సీసాల జోలికి వెళ్లేముందు మామూలు ఆక్సిజన్ బ్లీచ్ పొడి వాడి చూడండి. అమెరికాలో చాలా ఇళ్లలో వాషింగ్ మెషీన్ పక్కన ఉండే ఆక్సీక్లీన్ ఈ కోవదే. ఇందులో అసలు సరుకు సోడియం పెర్‌కార్బోనేట్. నీళ్లలో పడగానే హైడ్రోజన్ పెరాక్సైడ్, సోడా యాష్‌గా విడిపోతుంది. మొదటిది బూజును దెబ్బతీసి నల్లరంగు పోగొడితే, రెండోది జిడ్డును, పుప్పొడి పొరను వదిలిస్తుంది. ఆ పొర కూడా బూజుకు తిండే.

ప్లాస్టిక్ బోర్డుకు బూజేమిటని చాలామంది అనుమానం. కాంపోజిట్‌లో ప్లాస్టిక్‌తో పాటు చెక్కపొడి ఉంటుంది. పైన పూత లేని పాత బోర్డుల్లో బూజు ఆ చెక్కపొడిలోకి దిగుతుంది. పూత ఉన్న కొత్త రకాల మీద అది పైపైనే ఉండి తేలిగ్గా పోతుంది. కాకపోతే కొన్నిటికి పూత మూడు వైపులే ఉంటుంది, కోసిన అంచులూ అడుగుభాగమూ తడి పీలుస్తాయి.

మచ్చ బూజేనా కాదా అన్నది ముందు తేల్చుకోండి. కనబడని మూల ఒక చుక్క మామూలు క్లోరిన్ బ్లీచ్ వేస్తే, బూజైతే ఒకటి రెండు నిమిషాల్లో రంగు తగ్గుతుంది. తగ్గకపోతే అది మట్టో, చెక్క నుంచి దిగిన టీ రంగు మరకో, తుప్పో. తుప్పుకూ టీ రంగు మరకకూ ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న క్లీనర్ కావాలి, ఈ పొడి పనిచేయదు.

వాడే తీరు ఇదీ. డెక్ ఊడ్చి, బోర్డుల సందుల్లో ఇరుక్కున్న ఆకులూ పైన్ సూదులూ పుటీ కత్తితో లాగేయండి. పక్కన మొక్కలుంటే ముందే తడపండి. గాలన్ గోరువెచ్చని నీటికి ఒక కప్పు పొడి చాలు. చన్నీళ్లలో పొడి సరిగా కరగదు, పని కూడా నెమ్మదిస్తుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ద్రావణం పోసి 15 నుంచి 20 నిమిషాలు తడి ఆరకుండా ఉంచండి. ఎండలో చేస్తే ఆరిపోయి తెల్లటి పొర మిగులుతుంది, అందుకే ఉదయమో మబ్బు పట్టిన రోజో మేలు. మెత్తటి నైలాన్ బ్రష్‌తో బోర్డు గీతల వెంబడే రుద్ది, పుష్కలంగా నీళ్లు కొట్టండి. అల్యూమినియం రెయిలింగ్ మీద పడినదీ వెంటనే కడగాలి.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే: కలిపిన నీళ్లను పంప్ స్ప్రేయర్‌లో మూత బిగించి దాస్తారు. ఆక్సిజన్ విడుదలవుతూనే ఉంటుంది, లోపల ఒత్తిడి పెరిగి పాత్ర పగలొచ్చు. పైగా కొన్ని గంటల్లో దాని బలమూ పోతుంది. అప్పటికి కావలసినంతే కలిపి, మొక్కలకు నీళ్లు పోసే క్యాన్‌తో చల్లండి.

క్లోరిన్ బ్లీచ్‌తో డెక్ అంతా కడగడం మాత్రం వద్దు. పూత లేని బోర్డుల రంగు వెలుస్తుంది, మేకులకూ స్క్రూలకూ తుప్పు పడుతుంది. ఈ బ్లీచ్ వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ప్రెషర్ వాషర్ విషయానికొస్తే, పాత బోర్డుల పై పొర చీలిపోయి తడి ఇంకా లోపలికి వెళుతుంది. కొత్తవాటికి ఎంత పీఎస్‌ఐ (నీటి ఒత్తిడి కొలత) అన్నది బోర్డు కంపెనీ చెప్పిన లెక్కే చూసుకోవాలి.

కరొలినా, జార్జియాల్లో వసంతంలో పైన్ పుప్పొడి పసుపు తివాచీలా పరుచుకుంటుంది. ఆ కాలం ముగియగానే ఒకసారి, ఆకులు రాలాక ఇంకోసారి కడిగితే చాలావరకు సరిపోతుంది. మన ఇళ్ల డెక్‌ల మీద తులసి, కరివేపాకు కుండీలు ఎండాకాలమంతా కదలవు కదా, గుండ్రటి నల్ల మచ్చలు మొదట వాటి కిందే పడతాయి. కుండీకి కాళ్ల స్టాండ్ పెట్టండి, రబ్బరు చాపలు తీసేయండి, స్ప్రింక్లర్ డెక్ మీద పడకుండా తిప్పండి.

పూత లేని పాత బోర్డుల్లో బూజు లోతుగా దిగి ఉంటే, ఈ పొడితో మచ్చ పలచబడుతుందే తప్ప పూర్తిగా పోదు. అలాంటి డెక్‌కు ఏటా రెండు కడుగుళ్లు తప్పవు.